‘ఆ పేపరు అలాగే రాస్తుంది’: కళింగాంధ్రలో పత్రికల పక్షపాతం చేస్తున్న అసలు నష్టం

2019 శాసనసభ ఎన్నికల్లో ఉమ్మడి విజయనగరం జిల్లాలోని 9 స్థానాలనూ వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. పొరుగునున్న ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం, టెక్కలి తప్ప మిగిలిన 8 స్థానాలూ ఆ పార్టీకే దక్కాయి. అయిదేళ్లు తిరిగేసరికి, 2024లో, ఈ రెండు జిల్లాల 19 స్థానాల్లో ఒక్కటి కూడా ఆ పార్టీకి మిగల్లేదు. అన్నీ తెలుగుదేశం, జనసేన, భాజపాల కూటమి ఖాతాలో పడ్డాయి. ఈ అయిదేళ్లలో శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనో, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో తెల్లవారకముందే కట్టలు విప్పే పత్రికలు మారలేదు, వాటి యాజమాన్యాలు మారలేదు, ఏ పత్రిక ఏ పార్టీ వైపు మొగ్గుతుందన్నదీ మారలేదు. అంతకన్నా విచిత్రం 2019లోనే జరిగింది: శ్రీకాకుళం లోక్‌సభ స్థానం పరిధిలోని 7 నియోజకవర్గాల్లో అయిదింట వైకాపా శాసనసభ్యులను గెలిపించిన ఓటర్లే, అదే రోజు, అదే పోలింగ్ కేంద్రంలో, పార్లమెంటుకు మాత్రం తెలుగుదేశం అభ్యర్థిని స్వల్ప ఆధిక్యంతో పంపారు. పేపరు ఎటు చెబితే జనం అటు ఓటేస్తారన్న వాదన ఈ లెక్కల ముందు నిలవదు.

అలాగని పక్షపాతం వల్ల ప్రజాస్వామ్యానికి నష్టం లేదనుకుంటే అది మరో పొరపాటు. నష్టం ఉంది, కాకపోతే అందరూ వెతికే చోట లేదు. ఏకపక్షపు వార్త పాఠకుడిచేత అబద్ధాన్ని నమ్మించగలిగేది తక్కువ. ఉత్తరాంధ్ర పాఠకుడు ఆ విషయంలో చాలాకాలంగా రాటుదేలి ఉన్నాడు. ఆ పత్రికలో వచ్చిన నిజమైన వార్తను కూడా పనికిరాకుండా చేయడమే దాని అసలు ఫలితం. ఊళ్లో నీటి పథకం పడకేసిందని ఒక పత్రిక రాస్తే, అది నిజమా కాదా అని చూడవలసిన అధికారి, ప్రజాప్రతినిధి, చివరికి పాఠకుడు కూడా ముందుగా ‘ఎవరి పేపరు?’ అని అడుగుతున్న పరిస్థితి వచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు దొరకగానే అసలు వార్తను చదవవలసిన అవసరం తీరిపోతోంది.

ఈ స్థితి ఒక్కరోజులో రాలేదు. ఉత్తరాంధ్ర నేల మీద తెలుగు పత్రికారంగం రూపు మారింది 1974 ఆగస్టు 10న, విశాఖపట్నంలో ‘ఈనాడు’ మొదలైనప్పుడు. 1982లో తెలుగుదేశం పుట్టి, 1983 జనవరిలో అధికారానికి రావడంలో ఆ పత్రిక ఇచ్చిన ప్రచారం పాత్ర ఎంత అన్నదానిమీద ఇప్పటికీ చర్చ సాగుతూనే ఉంది. పాత్ర ఉందన్న విషయాన్ని మాత్రం ఎవరూ కాదనరు. 2002లో కొత్త యాజమాన్యం కింద ‘ఆంధ్రజ్యోతి’ తిరిగి మొదలైంది. 2008 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి కుటుంబం నుంచి ‘సాక్షి’ వచ్చింది. మర్నాటి నుంచే తెలుగు పాఠకుడికి ప్రతి సంఘటనా రెండు బొమ్మలుగా కనిపించడం మొదలైంది. ఒక వర్గం మరో వర్గం పత్రికలను ‘పసుపు మీడియా’ అంటే, అవతలివారు ‘నీలి మీడియా’ అన్నారు. వైకాపా అధినేత ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ‘దుష్టచతుష్టయం’ అన్న మాట బహిరంగ సభల్లో తరచుగా వినిపించింది. ఆ నలుగురిలో ఒకరు ప్రతిపక్ష నాయకుడైతే మిగిలిన ముగ్గురూ మీడియా సంస్థలే. రాజకీయ ప్రత్యర్థుల జాబితాలో పత్రికల పేర్లు చేరడం, ఆ చేరికను ఏ పక్షమూ అసహజంగా భావించకపోవడం, వ్యాధి ఎంత ముదిరిందో చెప్పే లక్షణం.

ఇక్కడ ఒక తేడా పాటించాలి. పత్రికకు అభిప్రాయం ఉండడం పక్షపాతం కాదు. 1902లో బందరులో పుట్టిన ‘కృష్ణాపత్రిక’, 1908లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు ప్రారంభించిన ‘ఆంధ్రపత్రిక’ జాతీయోద్యమం వైపు నిలబడ్డాయి. వాటిని తటస్థంగా లేవని ఎవరూ నిందించలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి సాగిన సారా వ్యతిరేకోద్యమానికి పత్రికలు బాహాటంగా వత్తాసు పలకకపోయి ఉంటే అది రాష్ట్రమంతా పాకేది కాదు. సంపాదకీయంలో ఎటు నిలబడినా, మొదటి పేజీలో జరిగింది జరిగినట్టు ఉండాలన్నదే పాత కట్టుబాటు. ఆ గీత చెరిగిపోయి, శీర్షికే సంపాదకీయమైనప్పుడు, ఏ వార్తను ఏ పేజీలో ఎంత మేర వేయాలన్నది పార్టీ అవసరాన్ని బట్టి తేలినప్పుడు దాన్ని పక్షపాతం అనాలి. అన్నిటికన్నా బలమైన పక్షపాతం అసలు వేయకపోవడంలో ఉంటుంది. వేసిన వార్తను ఖండించవచ్చు. వేయని వార్త మీద ఖండన ఇచ్చేవాడెవడూ ఉండడు.

యాజమాన్యాల పేర్లు చెప్పుకున్నంత మాత్రాన ఈ వ్యవహారం అర్థం కాదు. కవిటిలోనో, గజపతినగరంలోనో, కొత్తూరులోనో వార్త ఎలా పుడుతుందో చూడాలి. మండల విలేకరి, అంటే పత్రికల పరిభాషలో కంట్రిబ్యూటర్, జీతగాడు కాడు. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే ‘లైన్ అకౌంట్’ సొమ్ము పెట్రోలు ఖర్చుకు సరిపోతే గొప్ప. వేతన సంఘాల సిఫార్సులు అతడి గుమ్మం దాకా రావు. అతడి నిజమైన ఆదాయం ప్రకటనల మీద వచ్చే కమీషన్. సంక్రాంతికి, ఉగాదికి, ఆగస్టు 15కు, నాయకుల పుట్టినరోజులకు ఇంత ప్రకటన తేవాలని పైనుంచి టార్గెట్ వస్తుంది. మండలంలో ప్రకటన ఇవ్వగలిగినవాళ్లు ఎవరు? ఎమ్మెల్యే అనుచరుడు, కాంట్రాక్టరు, ప్రైవేటు కళాశాల యజమాని, ఇసుక ర్యాంపు నడిపేవాడు, జీడిపప్పు మిల్లుల వ్యాపారి. వార్త రాయవలసింది కూడా చాలాసార్లు వీళ్ల గురించే. సోమవారం ఇసుక తవ్వకాల మీద రాసి శుక్రవారం అదే మనిషి దగ్గర శుభాకాంక్షల ప్రకటన అడగవలసిన విలేకరిని నిష్పాక్షికంగా ఉండమని చెప్పడం, ఆకలితో ఉన్నవాణ్ణి ఉపవాసం గొప్పతనం గురించి అడగడంలాంటిది. అక్రిడిటేషన్ కార్డు, ఇంటి స్థలం హామీ వంటివి ప్రభుత్వం చేతిలో ఉండనే ఉన్నాయి. కాబట్టి పై స్థాయిలో పక్షపాతం రాజకీయం నుంచి పుడితే, మండల స్థాయిలో అది బతుకుతెరువు నుంచి పుడుతోంది. రెండోదాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

జిల్లా అనుబంధాల కథ దీనికి ముడిపడి ఉంది. 1989లో ‘ఈనాడు’ ప్రతి జిల్లాకూ ఒక చిన్న పత్రికను మొదలుపెట్టినప్పుడు, అంతవరకు పేపర్లో చోటు దొరకని పల్లెకు పేరు వచ్చింది; మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ఊరి బోరు చెడిపోయిందని వార్త వస్తే మండల కార్యాలయంలో కదలిక వచ్చేది. అయితే ఆ అనుబంధమే ఒక గోడ కూడా కట్టింది. శ్రీకాకుళం జిల్లా సమస్య శ్రీకాకుళం జిల్లావాడే చదువుతాడు. పక్కనున్న విజయనగరం పాఠకుడికే అది చేరదు, ఇక సచివాలయంలో ఉన్నవాడికి చేరే మాట ఎక్కడిది? ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో, మూత్రపిండాల వ్యాధితో జనం పోతున్న సంగతి జిల్లా పేజీలకు ఏళ్ల తరబడి తెలుసు. రాష్ట్ర స్థాయి కెమెరాలు అక్కడికి గుంపుగా వచ్చింది మాత్రం 2017 జనవరిలో, పవన్ కల్యాణ్ ఆ ప్రాంతానికి వచ్చినప్పుడు. వ్యాధి పాతదే, రోగులు పాతవాళ్లే. వార్తయింది వచ్చిన మనిషి. ఒక ప్రాంతపు కష్టం వార్త కావాలంటే దానికి రాజకీయ నాయకుడి రాక అవసరమైనప్పుడు, ఆ వార్త పుట్టుకతోనే ఎవరో ఒకరి పక్షాన పుడుతుంది.

సోంపేట సంగతీ అంతే. బీల చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దంటూ రైతులు, మత్స్యకారులు నెలల తరబడి రిలే నిరాహార దీక్షలు చేశారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాక ఆ పేరు దేశమంతటికీ తెలిసింది. ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దు చేసింది కూడా సరిగ్గా ఆ రోజే. అనుమతి మీద నడిచిన న్యాయ వివాదం, బీలలో నీరు ఏ కాలంలో ఎంత ఉంటుంది, దాని మీద ఎన్ని గ్రామాలు ఆధారపడ్డాయి అన్న వివరాలు ముందే ప్రధాన పేజీల్లో చర్చకు వచ్చి ఉంటే కథ మరోలా నడిచేదేమోనన్న అనుమానం ఇప్పటికీ తీరదు. ఏడాది తిరగకుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో అదే తరహా వివాదం మళ్లీ కాల్పుల దాకా వెళ్లింది. ఈ పక్షపాతం ఏ పార్టీదీ కాదు. ‘అభివృద్ధి’ అన్న మాట వినగానే దాని ధర ఎవరు చెల్లిస్తారని అడగడం మానేసిన పక్షపాతం ఇది. రంగులతో పనిలేకుండా అన్ని పత్రికల్లోనూ కనిపిస్తుంది.

విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు జరిగాయి: 2019 ఫిబ్రవరి 14న చంద్రబాబు నాయుడు చేతుల మీదుగా, 2023 మే 3న జగన్‌మోహన్‌రెడ్డి చేతుల మీదుగా. ఒక విమానాశ్రయం, రెండు శిలాఫలకాలు. ప్రాజెక్టు ఎవరి ఘనత, ఎవరి వల్ల ఆలస్యమైంది అన్న వాదనలో ఒక పక్షం కాలెండరు 2019 నుంచి మొదలైతే మరో పక్షానిది 2023 నుంచి మొదలవుతుంది. ఈ రెంటి మధ్య ఇళ్లు ఖాళీ చేసిన మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట గ్రామాలవాళ్ల కాలెండరు ఒకటుంది. పునరావాస కాలనీలో బతుకుతెరువు ఎలా సాగుతోంది, పరిహారం ఎవరికి ఎంత అందింది, జీడి, కొబ్బరి తోటల మీద బతికిన కుటుంబం ఇప్పుడేం చేస్తోంది అన్న ప్రశ్నలు ఏ పక్షానికీ పూర్తిగా అనుకూలం కావు. అందువల్ల వాటికి శాశ్వతమైన పోషకుడు లేడు. అధికారంలో ఉన్నవారి పత్రిక అడగదు. ప్రతిపక్షపు పత్రిక అడుగుతుంది కానీ ప్రభుత్వం మారిన మర్నాడు మానేస్తుంది. అప్పటిదాకా మౌనంగా ఉన్న పత్రిక అప్పుడు అందుకుంటుంది. ప్రశ్న అదే, అడిగే నోరు మారుతుంది, వినవలసిన చెవి ఎప్పుడూ అవతలి వైపునే ఉంటుంది.

ప్రభుత్వాలు ఈ చీలికను మాన్పే ప్రయత్నం చేయకపోగా దాన్ని పాలనా పద్ధతిగా మార్చుకున్నాయి. 2007లో వచ్చి నిరసనల మధ్య అటకెక్కిన 938 జీవోను తలపించేలా, 2019 అక్టోబరు 30న 2430 జీవో వచ్చింది. తప్పుడు వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు అప్పగించింది. 2022లో గ్రామ, వార్డు వాలంటీర్లు ఒక్కొక్కరికి దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇవ్వాలన్న ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వులో ఏ పత్రిక పేరూ లేకపోయినా, అది ముఖ్యమంత్రి కుటుంబపు పత్రికకు మేలు చేయడానికేనంటూ ‘ఈనాడు’ యాజమాన్యం న్యాయస్థానానికి వెళ్లింది. 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. అప్పట్లో రెండున్నర లక్షలకు పైగా ఉన్న వాలంటీర్లతో 200ను గుణిస్తే నెలకు అయిదు కోట్లు దాటేది. ప్రజాధనంతో చందా కట్టిన పాఠకవర్గం అది.

చానెళ్ల విషయంలో రెండు పక్షాల చేతులూ ఒకే పని చేశాయి. 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5 చానెళ్లు రాష్ట్రంలో పలుచోట్ల కేబుల్ నుంచి మాయమై, వ్యవహారం టెలికాం వివాదాల ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ మారగానే టీవీ9, సాక్షి, ఎన్టీవీ వంటివి కనబడకుండా పోయాయి. టీవీ9 ప్రసారాలను పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. రాజాంలోనో పార్వతీపురంలోనో టీవీ ముందు కూర్చున్న మనిషికి కేబుల్ ఆపరేటరు చెప్పే కారణం ‘సిగ్నల్ సమస్య’. ఎన్నికల ఫలితాలు రాగానే తలెత్తే ఈ సాంకేతిక సమస్యకు మందు ఏ ఇంజినీరు దగ్గరా దొరకదు.

డబ్బిచ్చి వేయించుకునే వార్తల సంగతి వేరు. 2009 ఎన్నికల తర్వాత ఇది దేశవ్యాప్తంగా బయటపడింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి సభ్యులుగా ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘం 2010లో ఇచ్చిన నివేదికను కౌన్సిలే మొదట్లో పూర్తిగా బయటపెట్టడానికి జంకింది. ఎన్నికల సంఘం జిల్లా స్థాయిలో మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీలను పెట్టింది. జిల్లా ఎన్నికల అధికారిగా కలెక్టరే వాటికి పెద్ద. వార్త ముసుగులో ప్రకటన వచ్చిందని తేలితే ఆ ఖర్చును అభ్యర్థి లెక్కలో కలుపుతారు. 2011లో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్ ఇలాంటి వార్తల ఖర్చు దాచినందుకు అనర్హతకు గురైన తొలి వ్యక్తి. డబ్బు వార్తను ఎన్నికల నేరంగా ప్రకటించాలని 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో సిఫార్సు చేసింది. ఈ యంత్రాంగమంతా అభ్యర్థి నుంచి పత్రికకు డబ్బు అందుతుందన్న ఊహ మీద నిర్మించింది. పత్రికే అభ్యర్థి పక్షానిదైతే? డబ్బు చేతులు మారదు, రసీదు పుట్టదు, కమిటీకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. తెలుగునాట ఎన్నికల వేళ ఏకపక్షపు పేజీల్లో ఎక్కువ భాగం ఈ కోవలోవే కావడం చట్టం చేసినవాళ్ల ఊహకు అందలేదు. ఇక ప్రెస్ కౌన్సిల్ చేతిలో ఉన్నది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం మాత్రమే. టీవీ చానెళ్లు దాని పరిధిలోకే రావు.

పక్షపాతంలో భాష వాటా కూడా ఉంది. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి ఈ శ్రీకాకుళం నేల మీదే పుట్టాడు. పత్రికలు వాడుక భాషకు మారాయి, కానీ ఆ వాడుక కృష్ణా, గుంటూరు ప్రాంతాల చదువుకున్నవాళ్లది. పలాస జీడి కార్మికురాలి మాట వార్తలోకి వచ్చేసరికి డెస్కు దాన్ని ప్రామాణికం చేస్తుంది, లేదా యాసను యథాతథంగా ఉంచి నవ్వు పుట్టిస్తుంది. మంత్రి ప్రకటనకు దొరికే గంభీరత ఆమె ఫిర్యాదుకు దొరకదు. పెద్ద తెలుగు పత్రికల యాజమాన్యాల్లో ఈ ప్రాంతపు వెనుకబడిన కులాలవాళ్లు గానీ, సవర, జాతాపు గిరిజనులు గానీ కనిపించరన్నది దీనికి తోడు.

ఫోను వచ్చాక మార్గాలు పెరిగి పక్షపాతం పలచబడుతుందని ఆశించినవాళ్లున్నారు. కరోనా కాలంలో జిల్లా అనుబంధాలు కుదించుకుపోయి ప్రధాన సంచికలో కొన్ని పేజీలుగా మిగిలాక, మండలవార్త చాలావరకు వాట్సాప్ గ్రూపులకు, యూట్యూబ్ చానెళ్లకు తరలింది. మైకు మీద లోగో తగిలించుకుంటే చానెల్ అయిపోతుంది. పాత పద్ధతిలో పాఠకుడు కనీసం పేపరంతా తిరగేసేవాడు; తన పార్టీకి నచ్చని వార్త మీద కూడా కన్ను పడేది. ఇప్పుడు అతడికి చేరేది తన గ్రూపువాళ్లు కత్తిరించి పంపిన ముక్క మాత్రమే. అవతలి పత్రిక పేరు, అక్షరాల తీరు అచ్చం దింపేసి తయారుచేసిన నకిలీ క్లిప్పింగులు ఎన్నికల సమయంలో వరదలా వస్తాయి. అవి మావి కావని పత్రికలు వివరణలు ఇచ్చుకోవలసి వస్తోంది. నకిలీ ముక్కను జనం నమ్మగలగడానికి కారణం పత్రికలే కల్పించాయి: ఆ పేపరు అలా రాయగలదని అందరికీ ముందే అనిపించి ఉండడం.

మళ్లీ మొదటి మాటకు వస్తే, ప్రజాస్వామ్యంలో వార్తకు ఉన్న పని ఓటు వేయించడం ఒక్కటే కాదు. రెండు ఎన్నికల మధ్య ఉండే అయిదేళ్లలో అధికారిని ఉలిక్కిపడేలా చేయడం దాని రోజువారీ పని. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానాన్ని చీల్చుకుపోయి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అలాంటి విపత్తు తర్వాత పరిహారం జాబితాలో అనర్హులున్నారని వార్త వస్తే, జాబితా తెప్పించి చూడడం పాలన. ‘అది ప్రతిపక్షపు పేపరు రాత’ అనడం ఇప్పుడు చెల్లుబాటయ్యే జవాబు. ఆ జవాబు చెల్లుబాటు కావడానికి ప్రతిపక్షపు పత్రిక కూడా సాయం చేసింది. నిన్నటి దాకా పది ఉబ్బించిన వార్తలు వేసి, పదకొండోది నిజమైనదైనా విలువ లేకుండా చేసుకుంది. చెట్టు పోగొట్టుకున్న రైతుకు మిగిలింది ఏ పార్టీ పత్రికకు చెప్పుకుంటే ఏ పార్టీ అధికారి పగబడతాడన్న లెక్క. ఆ లెక్క వేసుకుని చాలామంది నోరు మూసుకుంటారు. విలేకరి అడిగినా పేరు వేయవద్దంటారు. పేరు లేని ఫిర్యాదును డెస్కు చిన్నది చేస్తుంది, అధికారి కల్పితమంటాడు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి, హిరమండలం నుంచి వంశధార నీటిని ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. ప్రారంభోత్సవం నాడు ఏ పత్రికలో ఎంత పెద్ద ఫొటో వస్తుందో ముందే ఊహించవచ్చు. కవిటి మండలంలో ఏ ఊరి కుళాయికి వారంలో ఎన్ని రోజులు నీరు వస్తోంది, డయాలిసిస్ కోసం రోగి ఎంత దూరం ప్రయాణిస్తున్నాడు, ఆసుపత్రిలో మూత్రపిండాల నిపుణులు ఎందరు పనిచేస్తున్నారు అన్నవి ఊహించగలిగే విషయాలు కావు. వాటికి ప్రతి నెలా ఎవరో ఒకరు ఆ ఊళ్లు తిరిగి, ఎవరి ప్రభుత్వం ఉన్నా అదే పట్టిక నింపి, అదే పేజీలో వేయాలి. ఆ పని మీద వెళ్లవలసిన మనిషి లైన్ అకౌంట్ మీద బతికే మండల విలేకరి. సంక్రాంతి దగ్గరపడితే అతడి చేతిలో ఉండేది ప్రకటనల రసీదు పుస్తకం.